విడదీసిన మాట

సోమవారం మారిసెల్‌కు ఉత్తరాల రోజు. మిగతా వారమంతా ఆ పిల్లకూ, చర్చి సేవకు ఆమెకు జోడీగా వచ్చిన అసెన్లాకూ ఊపిరాడేది కాదు. పొద్దున్నే ప్రార్థన, తర్వాత తెలుగు పాఠం, ఎండెక్కాక మీర్‌పేట్ బస్తీ పిల్లలకు ఇంగ్లిషు చెప్పడం, సాయంత్రం తమ సంఘం వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి రావడం. సోమవారం మాత్రం బట్టలు ఉతుక్కుని, తలంటుకుని, దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనకున్న ఇంటర్నెట్ సెంటర్‌కు పోయేవాళ్ళు. ఇంటికి వారానికి ఒక్క ఉత్తరం. మధ్యలో ఫోన్లు చెయ్యకూడదు. అది వాళ్ళ నియమం.

మారిసెల్‌ది ఫిలిప్పీన్స్‌లో ఒక చిన్న దీవి. అసెన్లాది నాగాలాండ్. ఎల్‌బీ నగర్‌లో మా కాలనీకి మాత్రం ఇద్దరూ నేపాలీలే. గుండె మీద పేర్లు రాసిన నల్ల బిళ్ళలున్నా ఎవరూ చదివేవారు కాదు. ఫిలిప్పీన్స్ ఎక్కడుందో మా అమ్మాయి మౌనిక స్కూలు అట్లాసు తెరిచి చూపిస్తే, మా అత్తమ్మ అండాలమ్మ ఆ నీలి రంగు మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"గన్ని నీళ్ళ నడుమ ఎట్లుంటరే? బట్టలు ఎట్ల ఆరుతయ్?"

"ఎండ ఉంది అవ్వా. మస్తు ఎండ," అంది మారిసెల్. 'మస్తు' అత్తమ్మ నేర్పిందే.

ఆ పిల్లలు మా డాబా మీది గదిలో కిరాయికి ఉండేవాళ్ళు. కింద మేము. నడిమి అంతస్తులో నాగేశ్వరి వదిన వాళ్ళు. వాళ్ళది తెనాలి వైపు. ఆమె భర్త శ్రీరామమూర్తిగారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. మౌనిక మూడో తరగతిలో ఉన్నప్పుడు కిరాయికి దిగారు. నేను చెబుతున్న ఏటికి మౌనిక ఇంటర్‌కొచ్చింది. ఇన్నేళ్ళలో మా రెండిళ్ళ మధ్య ఉన్న మెట్లు సగం మా వంటిల్లే అయిపోయాయి. మధ్యాహ్నం పన్లయ్యాక నేను పప్పు చేట పట్టుకుని కింది మెట్ల మీద కూర్చుంటే, వదిన కాఫీ గ్లాసుతో పై మెట్ల మీద కూర్చునేది.

ఆ సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. బళ్ళు మూతపడ్డాయి. బొగ్గు రాక కరెంటు గంటలకు గంటలు పోయేది. ఇంటర్నెట్ సెంటర్ షట్టరు సగం దించి, ఆ తర్వాత పూర్తిగా దించేశారు. మారిసెల్ ఉత్తరాలు కాగితం మీద రాసి పెట్టుకోవడం మొదలుపెట్టింది. సెంటర్ తెరిచిన రోజున టైపు కొట్టి పంపేందుకు. అదే ఉత్తరాన్ని తెలుగులో కూడా రాసి, సోమవారం సాయంత్రం మెట్ల మీద కూర్చుని నాకు చదివి వినిపించేది. అది ఆమె తనకు తానే పెట్టుకున్న పరీక్ష. దిద్దడం నా పని.

"ఇక్కడ బస్సులు డిపోలో నిద్రపోతున్నాయి. ఇంటి అంకుల్ వాటిని ఎవరూ లేపకుండా రోజూ గేటు ముందు కూర్చుంటారు."

మా ఆయన సీతారాములు ఆర్టీసీలో గుమస్తా. సమ్మె టెంటు నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. "మా యూనియనోళ్ళు గూడ గింత మంచిగ చెప్పలే," అన్నాడు.

"ఇంటి అమ్మ పప్పును నగలలాగా చూస్తుంది. ఒక్క రాయి కూడా దొంగతనంగా ఉండలేదు."

"దొంగతనంగా కాదు, దొంగచాటుగా. 'ఉండలేదు' అన్నది మాత్రం బాగుంది," అన్నాను.

వాళ్ళమ్మ కిందటి ఉత్తరంలో నాకొక ప్రశ్న పంపింది. కూతురు తడి తలతో పడుకుంటున్నదేమో ఆ ఇంటావిడను అడిగి నిజం రాయమని. నేను రాయమన్నాను, పడుకుంటున్నదని. మారిసెల్ పెదవి విరిచింది కానీ రాసింది. అబద్ధం రాయకూడదు కదా.

ఆమెకు కష్టమల్లా మేం మాటల్ని అతికించి పలకడం. అత్తమ్మ 'పోయొస్త' అంటే ఆమెకు ఏదో వస్తువు పేరులాగా వినిపించేదట. నేను ఒక కిటుకు చెప్పాను.

"విడదీసి చూడు. 'పోయి', 'వస్తా'. రెండు మాటలు తొందరలో అంటుకుపోయినై. 'చేసిపెట్టు', 'చేసి', 'పెట్టు'. ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ విడదీయి."

"విడదీసి చూడాలి," అని రాసుకుంది.

పై మెట్టు మీద నుంచి నాగేశ్వరి వదిన నవ్వింది. "ఏ కాలేజీలోనో పాఠాలు చెప్పుకోవాల్సిన మనిషివి వదినా. మా ఆయన ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నారు, ఇంత తేలిగ్గా ఒక్క లెక్కా నాకు అర్థమయ్యేలా చెప్పలేదు."

"మీరు విన్నారా వదినా, ఆయన చెబితే?"

"అదీ నిజమే."

ఆమెతో మాట్లాడేటప్పుడు నేను 'వస్తున్నాను వదినా' అంటాను. గడప దాటి లోపలికి రాగానే 'ఒస్తున్న అత్తమ్మా' అంటాను. ఎవరూ అలా మాట్లాడమనలేదు. నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు పట్టిన అలవాటు, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నట్టు నాలుక దానంతటదే సర్దుకునేది. అత్తమ్మే ఎగతాళి చేసేది. "మెట్ల మీద ఒక నాలిక, వంటింట్ల ఒక నాలిక. తినేటప్పుడు ఏది పెడ్తవే అరుణా?"

వదిన కూడా విని పొట్ట పట్టుకుని నవ్వేది. అప్పుడు దానిలో నవ్వు తప్ప మరేమీ లేదు.

సమ్మె రెండో వారానికి మగవాళ్ళ మాటలు తగ్గాయి. పోట్లాట ఏమీ లేదు. గేటు దగ్గర ఎదురైతే మా ఆయన, "ఏంది సార్, పిల్లలకు సెలవులేనా?" అనేవాడు. శ్రీరామమూర్తిగారు, "మీ బస్సులు కదిలితే మా పిల్లలొస్తారండి," అనేవారు. ఇద్దరూ నవ్వేవారు. నవ్వు అయిపోయాక ఆయన మెట్లెక్కేవారు, ఈయన లోపలికొచ్చి టీవీ పెట్టేవాడు. టీవీలో పొద్దంతా ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని ఏదో అంటూ ఉండేవారు. ఎవరి భాషను ఎవరు వెక్కిరించారన్నది ఆ రోజుల్లో పెద్ద చర్చ. చెయ్యి ఆపి వినకూడదనుకుంటూనే నేనూ వినేదాన్ని.

ఆ సోమవారం కరెంటు మూడింటికే పోయింది. వదిన నిద్రలో ఉన్నట్టుంది, తలుపు వేసి ఉంది. వెనక పెరట్లో మా ఇంటికి పనికి వచ్చే వెంకాయమ్మ గిన్నెలు తోముతోంది. నేను మెట్ల మీద బియ్యం ఏరుతున్నాను. మారిసెల్ తడి జుట్టు భుజాల మీద వేసుకుని వచ్చి కూర్చుంది. ఉత్తరం విప్పి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది.

"ప్రియమైన అమ్మా. ఈ ఇంట్లో రెండు తెలుగులు ఉన్నాయి. ఒకటి పైన, ఒకటి కింద. నేను ఏది నేర్చుకోవాలి అని పైన ఆంటీని అడిగాను. కింద అమ్మ భాష, పనికి వచ్చే వాళ్ళ భాష అని ఆంటీ చెప్పారు."

నా వేళ్ళు బియ్యంలోనే ఉన్నాయి. ఆమె చదువుకుంటూ పోయింది.

"నాకు ఆశ్చర్యం లేదు. మనీలా టీవీలో పనిమనిషి ఎప్పుడూ మన దీవి భాషే మాట్లాడుతుంది. అందరూ నవ్వుతారు. అందుకే అమ్మా, ఈ ఇంటి అమ్మా మనమూ ఒకటే."

తలెత్తి ఎంతో సంతోషంగా చూసింది. ఆ మాట నాకు కానుకగా తెచ్చిందని ఆ చూపులోనే తెలిసింది.

"ఆంటీ అట్లనే అన్నదా?"

"అవును. నవ్వి చెప్పారు. తప్పులు ఉన్నాయా అమ్మా?"

వెతికాను. 'పనికి వచ్చే వాళ్ళ భాష.' ఎక్కడా తప్పు లేదు. అంత పొడవు వాక్యం ఆమె తప్పు లేకుండా రాయడం అదే మొదటిసారి.

"తప్పు లేదు. బాగ రాసినవ్," అన్నాను.

పెరట్లో వెంకాయమ్మ అత్తమ్మతో మాట్లాడుతోంది. ఆమెదీ మా జిల్లానే, మునుగోడు అవతల పల్లె. "నల్ల రాలేదమ్మా, నీళ్ళెట్ల?" అంటోంది. నేను వంటింట్లో అనే మాటే, అదే యాసలో. మా ఇద్దరి భాషా ఒకటేనని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. అందులో చిన్నతనం ఏముందని నన్ను నేను అడిగాను. ఏమీ లేదు. అయినా ఏరిన బియ్యం మళ్ళీ మొదటి నుంచి ఏరాను.

మర్నాటి నుంచి చేట పట్టుకుని మెట్ల మీదికి పోలేదు. వంటింటి గడప దగ్గర వెలుతురు బాగుందని అత్తమ్మకు చెప్పాను. ఆమె నన్నొకసారి, గడపనొకసారి చూసింది. ఒకటి రెండు సార్లు పైనుంచి గ్లాసు చప్పుడు వినిపించింది. "వదినా, పడుకున్నావా?" అని కూడా. పడుకోలేదు.

సద్దుల బతుకమ్మ నాటికి బస్సులు ఇంకా కదలలేదు. మా ఆయన తెల్లవారుజామునే స్కూటరు మీద అబ్దుల్లాపూర్‌మెట్ అవతలికి పోయి తంగేడు, గునుగు మోపులు కట్టుకొచ్చాడు. ప్రతి ఏడూ పూలు రాగానే మౌనిక పైకి పరుగెత్తి "అత్తా, పూలొచ్చినయ్" అని కేకేసేది. వదినకు మా పండగ పుట్టింటి అలవాటు కాదు. వచ్చిన మొదటి ఏడు తలుపు దగ్గర నిలబడి చూసింది. రెండో ఏడు పక్కన కూర్చుంది. తర్వాత గునుగు పూలకు రంగులద్దే పని పూర్తిగా ఆమెదే అయిపోయింది. కాడలన్నీ ఒకే పొడవున కోసి, వేళ్ళకు అంటకుండా రంగు ముంచి, వరస తప్పకుండా ఆరబెట్టేది. అంత శుభ్రంగా నాకు కూడా చేతకాదు. నేను అంత తేలిగ్గా ఒప్పుకునే మాట కాదది.

ఆ రోజు మౌనిక మోపు విప్పుతూ అడిగింది. "పైకి పోయి చెప్పాల్నా మమ్మీ?"

"వాళ్ళ పండుగ కాదు గదా. ఎందుకు పరేషాన్ చేసుడు?"

మౌనిక చేతిలో తంగేడు కొమ్మ అలాగే ఉండిపోయింది. అత్తమ్మ నా ముఖం చూసి, తాంబాలం తుడవడం మొదలుపెట్టింది. గునుగుకు రంగులు నేనే అద్దాను. గులాబీ రంగు ఆకుపచ్చలోకి దిగి మరకలు పడ్డాయి.

బతుకమ్మ పేర్చి, గౌరమ్మను నిలబెట్టి, నేను చీర మార్చుకుని వచ్చేసరికి వదిన వాకిట్లో ఉంది. కొత్త చీర కట్టుకుంది. చేతిలో పళ్ళెం నిండా ముద్దబంతులు. కొత్తపేట మార్కెట్ దాకా నడిచి వెళ్ళి తెచ్చిందని చెప్పుల దుమ్ము చెబుతోంది. పిలుపు కోసం చూసి చూసి దిగి వచ్చినట్టుంది.

"అయిపోయిందా వదినా?"

"అయిపోయిందండి," అన్నాను.

ఆ 'అండి' నేను అనాలని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. ఆమె కళ్ళు ఒక్క క్షణం నా మీద ఆగాయి. పళ్ళెం అరుగు మీద పెట్టింది. "దీపం దగ్గర పెట్టుకోండి అత్తయ్యా," అని అత్తమ్మతో చెప్పి పైకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మేం వీధిలో ఆడుతుంటే వాళ్ళ బాల్కనీ చీకటిగా ఉంది. కరెంటు లేదు కనుక అందరి ఇళ్ళూ చీకటిగానే ఉన్నాయనుకున్నాను.

దసరా వెళ్ళిన వారానికి మధ్యాహ్నం వదిన కిందికొచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. ఫ్రిజ్ మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"కోచింగ్ సెంటర్ వాళ్ళు ఆయన్ని విజయవాడ బ్రాంచికి రమ్మంటున్నారు. ఇక్కడ ఎప్పుడు తెరుస్తారో తెలియదంటున్నారు. ఆయన వెళ్దామంటున్నారు. నేనే ఇంకా ఊ అనలేదు."

నేను కూర తరుగుతున్నాను.

"ఎనిమిదేళ్ళు దాటింది. ఇక్కడ ఎవరేమన్నా నాకు భయం లేదు. నువ్వున్నావు కదా అనుకున్నాను." తరిగిన ముక్కల వైపు చూసింది. "ఏమంటావు? ఉండమంటావా?"

'ఉండండి వదినా' అంటే చాలు, రెండే మాటలు. బెండకాయ ముక్కలు ఒకే మందాన వస్తున్నాయా లేదా అని చూసుకుంటూ, "మీ ఇష్టమండి. సార్ ఉద్యోగం అదీ చూసుకోవాలి గదా," అన్నాను.

"అంతేనా?"

"అంతే కదండీ."

ఆమె ఫ్రిజ్ మీద చెయ్యి తీసింది. వేళ్ళ గుర్తులు పడ్డాయేమోనని కొంగుతో తుడిచి మరీ వెళ్ళింది.

లారీ వచ్చిన రోజు మారిసెల్, అసెన్లా పొద్దున్నించీ సామాను మోశారు. గ్రైండరు మోస్తూ మారిసెల్ ఏడ్చింది. శ్రీరామమూర్తిగారు మా ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మా ఆయన, "సార్, మౌనిక లెక్కలల్ల తప్పితె మీదే బాధ్యత," అన్నాడు. ఆయన నవ్వలేకపోయారు. వదిన అత్తమ్మ కాళ్ళకు దండం పెట్టింది. అత్తమ్మ ఆమె తల మీద చెయ్యి పెట్టి, "ఏమొచ్చిందే మీ ఇద్దరికి?" అని అడిగింది. వదిన నా వైపు చూసింది. చెప్పాల్సింది నేనన్నట్టు. ఆమెకు నిజంగానే తెలియదని నాకు అప్పుడైనా తోచవలసింది. నటిస్తోందనుకున్నాను.

"వెళ్ళొస్తాం," అంది.

"మంచిది," అన్నాను.

సమ్మె ముగిసింది. బస్సులు లేచాయి. ఇంటర్నెట్ సెంటర్ షట్టరు పైకెత్తారు. మారిసెల్ దాచుకున్న ఉత్తరాలన్నీ ఒక్కసారే కొట్టి పంపింది. నడిమి అంతస్తుకు టు-లెట్ బోర్డు నేనే రాసి కట్టాను. చలి మొదలయ్యేసరికి ఆ పిల్లలకు కూడా బదిలీ వచ్చింది. మారిసెల్‌ను విశాఖపట్నం, అసెన్లాను బెంగుళూరు పొమ్మన్నారు. వాళ్ళకు అలాగే ఉంటుందట, శనివారం చెబుతారు, సోమవారం పోవాలి.

బయల్దేరే పొద్దున అత్తమ్మ తన పెట్టె అడుగు నుంచి స్టీలు టిఫిన్ డబ్బా తీసింది. మామగారు బతికున్నప్పుడు డ్యూటీకి తీసుకుపోయేది. మూత గట్టిగా పడుతుంది, ఒక్క చుక్క కారదు. అందులో సకినాలు నింపి మారిసెల్ చేతిలో పెట్టింది.

"తీస్కో బిడ్డా. పనికొస్తది."

మారిసెల్ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నవ్వింది. "అవ్వా, డబ్బా పనికి వస్తదా? ఎవరి ఇంటికి? వెంకాయమ్మ లాగా?"

అత్తమ్మకు అర్థం కాలేదు. నాకు కాసేపు పట్టింది.

"మారిసెల్," అన్నాను. "ఆ రోజు ఆంటీ ఏమన్నది? నా భాష గురించి. నీ మాటల్లో కాదు, ఆమె ఎట్ల అన్నదో అట్లనే చెప్పు."

కొత్త భాష నేర్చుకునేవాళ్ళకు అర్థం కంటే చప్పుడు ఎక్కువ గుర్తుంటుంది. ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. తెరవకుండానే, అచ్చం నాగేశ్వరి వదిన గొంతుతో, ఆ తెనాలి సాగదీతతో సహా చెప్పింది.

"'అరుణ దగ్గరే నేర్చుకో అమ్మాయ్. ఇక్కడ నీకు పనికొచ్చే భాష అదే.'"

కళ్ళు తెరిచింది. "అర్థం కాలేదు అమ్మా. అందుకే విడదీసి చూశాను. మీరు చెప్పినట్టే. 'పనికి', 'వచ్చే'. పనికి వచ్చేది మనుషులు కదా. అందుకే 'వాళ్ళ' అని నేనే పెట్టాను." నా ముఖం చూసి ఆగింది. "తప్పా?"

అసెన్లా ఆటో వచ్చిందని పిలుస్తోంది. మారిసెల్ సంచిలోంచి పెన్ను తీసింది. ఏ తప్పయినా అక్కడికక్కడే రాసుకోవడం ఆ పిల్లకు అలవాటు. ఆ అలవాటు చేసింది నేనే.

"చెప్పండి అమ్మా. ఎట్ల రాయాలి?"

"కలిపి రాయాలి," అన్నాను. "ఈ మాట విడదీయొద్దు. కలిపే రాయాలి."

పెద్ద అక్షరాలతో రాసుకుంది. కింద గీత గీసింది. ఆటో ఎక్కుతూ నా చేతులు రెండూ పట్టుకుని, "వచ్చే సోమవారం అమ్మకు ఈ మాట రాస్తాను," అంది. ఆటో మలుపు తిరిగేదాకా అత్తమ్మ చెయ్యి ఊపుతూనే ఉంది.

మధ్యాహ్నం ఇల్లు నిశ్శబ్దమయ్యాక వెళ్ళేటప్పుడు శ్రీరామమూర్తిగారు మౌనిక పుస్తకం అట్ట మీద రాసిచ్చిన విజయవాడ నంబరు చూసి ఫోన్ చేశాను. ఎక్కడ మొదలుపెట్టాలో మనసులో సిద్ధం చేసుకున్నాను. మొదటి మాట 'వదినా' అనే అనుకున్నాను. అటువైపు ఫోన్ తీశారు. వెనక ఎక్కడో కుక్కరు కూస్తోంది.

"హలో, నేను అరుణను," అన్నాను.

వదిన గొంతే పలికింది. "ఆఁ, చెప్పండి అరుణగారూ. అందరూ బాగున్నారా అండి?"

"బాగున్నం. బాగున్నాము. మీరు?"

"బాగున్నామండి." మళ్ళీ కుక్కరు కూత. ఆమె స్టవ్ తగ్గించి వచ్చినట్టుంది. "ఏమైనా పనుండి చేశారా?"

నేను ఆ మెట్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

"లేదండి," అన్నాను. "పనేం లేదు."